వోయిరియా అఫిల్లా: ఆకుల్లేని పసుపు పువ్వు, భాస్వరం లేని నేల

మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఉన్న అడవుల్లో, కరీబియన్ దీవుల్లో, రాలిన ఆకుల పరుపులోంచి జానెడు ఎత్తున ఒక సన్నటి కాడ పైకి లేస్తుంది, దాని కొసన ఒకే ఒక్క పసుపు పువ్వు. పేరు వోయిరియా అఫిల్లా. పువ్వు కింద సన్నటి పొడుగాటి గొట్టం, పైన విచ్చుకున్న అయిదు చిన్న రేకులు, అంతే. ఆకుల కోసం కిందకి చూస్తే కాడ మీద అక్కడక్కడా ఎదురెదురుగా అంటుకుని ఉన్న చిన్న చిన్న పొలుసులు తప్ప ఇంకేమీ దొరకవు. మొక్క మొత్తం మీద పచ్చదనం అనేదే లేదు, పత్రహరితం లేదు కాబట్టి ఎండని పిండిపదార్థంగా మార్చుకునే పని దీనికి రాదు, ఆకులు గాలి పీల్చుకునే పత్రరంధ్రాలు కూడా ఈ వోయిరియాల్లో చాలావరకు మాయమైపోయాయి. మరి ఆ కాడ కట్టుకోడానికి, ఆ పువ్వు పూయడానికి, వేల గింజలు తయారుచేయడానికి కావాల్సిన కార్బన్ ఎక్కడి నుంచి వస్తోంది?

ఈ ఒక్క ప్రశ్న వెనకాల వెళ్తే అడవి చెట్ల వేర్ల కింద ఏం నడుస్తోందో, నేలలో భాస్వరం పెరిగితే ఏం ఆగిపోతుందో, మన ఊళ్ళలో రైతులు కొనే వ్యామ్ కల్చర్ (వేర్లలో చేరే ఫంగస్ ఉన్న జీవన ఎరువు) ప్యాకెట్‌కీ ఈ పువ్వుకీ సంబంధం ఏంటో అన్నీ ఒక దారిలోకి వస్తాయి. అందుకే అమెరికా ఖండం అడవుల్లో తప్ప ఎక్కడా కనపడని ఈ మొక్క గురించి తెలుగులో కాస్త వివరంగా రాసుకోవడం అవసరం అనిపిస్తుంది.

ముందు దీని ఇంటిపేరు. ఇది జెన్షియన్ కుటుంబం, అంటే జెన్షియనేసీ. దాదాపు 1,700 జాతులు ఉన్న కుటుంబం, చల్లటి కొండల నుంచి ఉష్ణమండల తీరాల దాకా అన్ని చోట్లా ఉంది. మన వాళ్ళకి ఈ కుటుంబం కొత్తేం కాదు, నేలగులిమిడి దీంట్లోదే, ఆకు మొదళ్ళ దగ్గర తెల్లటి చిన్న పూలు పూసే ఆ చేదు మొక్క. వరి మళ్ళ గట్ల పక్కన తడి నేలలో కనపడే హోపియా, కాన్‌స్కోరా లాంటి చిన్న మొక్కలు కూడా ఇవే. హిమాలయాల నుంచి వచ్చే చిరాయతా కూడా ఈ కుటుంబమే, మందుల షాపుల్లో దానికీ మన నేలవేముకీ మధ్య గందరగోళం ఎప్పుడూ ఉంటుంది గానీ నేలవేము వేరే కుటుంబం, రెండూ చేదే కాబట్టి కలిపేస్తారు. చేదు ఈ జెన్షియన్ల గుర్తింపు కార్డు లాంటిది, కానీ ఇక్కడ ముఖ్యమైన సంగతి చేదు కాదు, వేర్లు. ఈ కుటుంబంలో పచ్చగా ఉన్న మొక్కల్లో కూడా చాలావాటి వేర్లలో ఒక రకం ఫంగస్ గట్టిగా కాపురం పెట్టి ఉంటుంది, వోయిరియా కథ మొదలయ్యేది అక్కడ.

ఈ మొక్క యూరప్ వృక్షశాస్త్రం కళ్ళబడింది 18వ శతాబ్దంలో. వియన్నా రాజుగారి తోటల కోసం కరీబియన్ దీవుల్లో తిరిగి మొక్కలు పోగుచేసిన నికొలాస్ జాక్విన్ 1760లో దీనికి జెన్షియానా అఫిల్లా అని పేరు పెట్టాడు, ఆకుల్లేని జెన్షియన్ అని. తర్వాత 1775లో ఫ్రెంచ్ గయానా మొక్కల గురించి పుస్తకం వేసిన ఓబ్లే, వోయిరియా అనే ప్రజాతిని నిలబెట్టాడు, 1805లో ఈ పసుపు మొక్క కూడా అందులోకి చేరింది. ఇప్పుడు వోయిరియాలో 20 దాకా జాతులు లెక్కేస్తున్నారు, నీలం పూసేవి, గులాబీ పూసేవి, తెల్లవి, నారింజ రంగువి అన్నీ ఉన్నాయి, ఒక్క జాతి తప్ప అన్నీ అమెరికా ఖండాల్లోనే.

పేరు పెట్టడం ఈజీగానే అయిపోయింది గానీ తిండి ఎలా తింటుందో అర్థం కావడానికి రెండు వందల ఏళ్ళు పైనే పట్టింది. కుళ్ళిన ఆకుల మధ్య మొలుస్తోంది, పచ్చదనం లేదు, కాబట్టి ఆ కుళ్ళిన ఆకుల్నే కరిగించుకుని తాగుతోంది అనుకున్నారు. మన ఇంటర్ బోటనీ చదివిన వాళ్ళకి ఇది బాగా గుర్తుండే పాఠం, ఇలాంటి మొక్కల్ని పూతికాహారులు అని, మోనోట్రోపా ఉదాహరణ అని బట్టీ కొట్టించేవాళ్ళు. ఆ పాఠం తప్పు. ఏ పూలమొక్కా ఎండుటాకుని తనంతట తాను కుళ్ళబెట్టి అందులోని కార్బన్ తీసుకుని బతకదు, అలా కరిగించే ఎంజైముల సరంజామా దానికి లేదు, అది ఫంగస్ పని. 1994లో జొనాథన్ లీక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ మొక్కల మీద అప్పటిదాకా తెలిసినదంతా ఒక దగ్గర పేర్చి, ఇవి బతుకుతున్నది ఫంగస్ మీద అని సూటిగా చెప్పాక మైకోహెటిరోట్రాఫ్‌లు అనే మాట స్థిరపడింది. తెలుగులో శిలీంద్రాల మీద బతికే మొక్కలు అనుకుంటే సరిపోతుంది. పూర్తిగా ఇలా బతికేవి ప్రపంచంలో 500కి పైగా జాతులు ఉన్నాయి, వాటిలో ఆర్కిడ్లు చాలా.

అయితే ఫంగస్ మీద బతుకుతోంది అంటే సమాధానం సగమే దొరికినట్టు, ఎందుకంటే ఫంగస్ కూడా పచ్చది కాదు కదా, దానికి కార్బన్ ఎక్కడిది?

ఇక్కడ ఆర్‌బస్క్యులర్ మైకోరైజా గురించి చెప్పుకోవాలి. నేల మీద ఉన్న మొక్కల జాతుల్లో సుమారు మూడింట రెండొంతుల పైన వేర్లలో ఈ ఫంగస్ ఉంటుంది. స్కాట్లాండ్‌లో రైనీ అనే ఊరి దగ్గర దొరికిన 40 కోట్ల ఏళ్ళు దాటిన రాతిలో అప్పటి మొక్కల కణాల్లోపల కూడా ఈ ఫంగస్ ఆకారాలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి, అంటే మొక్కలకి సరైన వేర్లే ఇంకా ఏర్పడకముందు నుంచి ఈ కాపురం ఉంది. బేరం ఇలా ఉంటుంది: వేరు చేరలేనంత దూరం, వేరు దూరలేనంత సన్నటి సందుల్లోకి ఫంగస్ దారాలు వెళ్ళి భాస్వరం పట్టుకొస్తాయి, బదులుగా మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెర, కొవ్వు ఇస్తుంది. ఈ ఫంగస్‌కి మొక్క లేకపోతే బతుకే లేదు, తన కొవ్వుని తను మొదటి నుంచి తయారుచేసుకునే జన్యువు కూడా దీని దగ్గర లేదని, మొక్కే కొవ్వు పంపిస్తోందని 2017లో వచ్చిన పరిశోధనలు తేల్చాయి. మొక్క తయారుచేసుకున్న కార్బన్‌లో 4 నుంచి 20 శాతం దాకా ఇలా కిందకి పోతుందని మామూలుగా చెప్పే లెక్క, అది చిన్న మొత్తం ఏం కాదు.

ఆంధ్ర, తెలంగాణ నర్సరీల్లో మిరప, టమాటా నారు పోసేటప్పుడు, పండ్ల మొక్కలు నాటేటప్పుడు గుంటలో వేసే వ్యామ్ అంటే ఇదే ఫంగస్ వర్గం. ప్యాకెట్‌లో ఉన్నదీ, పనామా అడవిలో వోయిరియా వేరులో ఉన్నదీ ఒకే జాతి అని కాదు, కానీ ఒకే పెద్ద కుటుంబం, ఒకే రకం బతుకు. వోయిరియా వేర్లలోంచి డీఎన్‌ఏ తీసి చూస్తే దొరికినవి గ్లోమస్ బంధువులే, వ్యామ్ ప్యాకెట్ల మీద తరచుగా కనపడే పేరు కూడా గ్లోమస్సే.

ఇప్పుడు వోయిరియా వేరు దగ్గరికి వద్దాం. మామూలు మొక్కని పీకితే నేలలో దూరంగా వెతుక్కుంటూ పోయిన సన్నటి పీచు వేర్లు, వాటి మీద నూగులాంటి వేరు రోమాలు కనపడతాయి. వోయిరియాకి అలాంటి వెతుకులాట లేదు. వేర్లు పొట్టిగా, లావుగా, కండపట్టి, పెద్దగా కొమ్మలు వేయకుండా ఉంటాయి, నూగు ఉండదు. సన్నగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే వేరు కణాల్లోపల ఫంగస్ దారాలు చుట్టలు చుట్టుకుని నిండిపోయి ఉంటాయి, పచ్చ మొక్కల్లో ఈ ఫంగస్ కట్టే చిన్న చెట్టులాంటి ఆకారం ఇక్కడ కనపడదు, చుట్టలే ఉంటాయి, పక్క కణాల్లో అవే చుట్టలు వాడిపోయి, కూలిపోయి ముద్దలుగా మిగిలి ఉంటాయి. అంటే ఫంగస్‌ని లోపలికి రానిచ్చి, కణంలో పెరగనిచ్చి, తర్వాత అరిగించుకుంటోంది. నీళ్ళు పైకి మోసే నాళాలు కూడా సన్నబడిపోయాయి, ఆకులే లేని మొక్కకి ఆవిరి పోయేదెంత, తాగాల్సిందెంత. శరీరం మొత్తం ఒకే పనికి తగ్గట్టు కుదించుకుంది: కింద ఫంగస్‌ని పట్టుకునే వేరు, పైన గింజ కట్టే పువ్వు, మధ్యలో రెండింటినీ కలిపే కాడ. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ మొక్క నేల కిందే ఉంటుంది, పూత కోసమే పైకి వస్తుంది.

పరాన్నజీవి అనగానే మన రైతులకి గుర్తొచ్చేవి వేరే. పొగాకు చేలో పుట్టుకొచ్చే పొగాకు మల్లె ఉంది, దాన్నే బోడు అని కూడా అంటారు, అది కూడా పచ్చదనం లేని పూలమొక్కే, కానీ అది పొగాకు వేరులోకి తన మొన దించి సరాసరి రసం పీలుస్తుంది, తవ్వి చూస్తే రెండు వేర్లు అతుక్కుని ఉండటం కంటికే కనపడుతుంది, పంట దిగుబడి పడిపోవడం లెక్కకే అందుతుంది. కంచెల మీద అల్లుకునే బంగారు తీగ కాడలోకి గుచ్చుతుంది. మామిడి కొమ్మల మీద బదనిక అయితే తన ఆకులు తనకి ఉన్నా నీళ్ళు, లవణాల కోసం కొమ్మని పట్టుకుంటుంది. ఈ మూడింటికీ తాము బతికే ఆ మొక్కతో నేరుగా అతుకు ఉంది. వోయిరియాకి ఏ చెట్టుతోనూ అతుకు లేదు, పక్కన ఎన్ని చెట్లు తవ్వినా వాటి వేర్లలో వోయిరియా వేరు గుచ్చుకుని దొరకదు. మధ్యలో ఫంగస్ ఉంది. చెట్టు ఫంగస్‌కి కార్బన్ ఇస్తుంది, ఆ ఫంగస్ దారమే ఇంకో కొసన వోయిరియా వేరులో దూరి ఉంటుంది, చెట్టు కార్బన్ అలా వచ్చి చేరుతుంది. వోయిరియా కొల్లగొడుతున్నది ఫంగస్‌ని, ఫంగస్ ద్వారా చెట్టుని.

దీనికి రుజువు ఎలా వచ్చిందో చూడటం బాగుంటుంది. 1960లో స్వీడన్‌లో ఎరిక్ బ్యోర్క్‌మన్ పైన్, స్ప్రూస్ చెట్ల బెరడులోకి రేడియోధార్మిక కార్బన్ ఉన్న గ్లూకోజ్ ఎక్కించాడు, కొన్నాళ్ళకి పక్కన మొలిచిన మోనోట్రోపాలో ఆ రేడియోధార్మికత తేలింది. మోనోట్రోపా చల్లటి దేశాల మొక్క, దాని ఫంగస్ వేరే రకం, పుట్టగొడుగులు కట్టే రకం. ఆ బంధం ఒక చెట్టు కుటుంబానికి, ఒక ఫంగస్ గుంపుకి ప్రత్యేకంగా ఉంటుంది కాబట్టి అందులో మోసం చేసేవాడు పుట్టడం సాధ్యమే అని ఒప్పుకున్నారు. గ్లోమస్ రకం ఫంగస్ దగ్గర మాత్రం అలాంటిది కుదరదేమో అనే అభిప్రాయం చాలాకాలం ఉండేది, ఎందుకంటే ఆ ఫంగస్ ఎవరితో పడితే వాళ్ళతో కాపురం చేస్తుంది, ఎంపిక లేని చోట ప్రత్యేకంగా ఒకదాన్ని పట్టుకుని బతకడం ఎలా అని. 2002లో నేచర్ పత్రికలో మార్టిన్ బిడార్టోండో, ఆయన సహచరులు వేసిన పేపర్ ఆ అభిప్రాయాన్ని తీసేసింది. వోయిరియా, అదే జెన్షియన్ కుటుంబంలోని వోయిరియెల్లా, ఇంకా దక్షిణ అమెరికాలోనే పెరిగే అరాక్నైటిస్ అనే మొక్కల వేర్లలోని ఫంగస్ డీఎన్‌ఏ చదివితే ఒక్కో మొక్కా గ్లోమస్ వర్గంలో చాలా ఇరుకైన గుంపునే పట్టుకుని ఉందని, ఆ గుంపే చుట్టుపక్కల పచ్చ మొక్కల వేర్లలో కూడా ఉందని తేలింది. పచ్చ మొక్క ఎవరితోనైనా సర్దుకుపోతుంది, పచ్చదనం వదిలేసిన మొక్క మాత్రం ఏరి కోరి పట్టుకుంటుంది.

అసలు విషయం ఇప్పుడు మొదలవుతుంది, భాస్వరం.

పనామా కాలువ తవ్వేటప్పుడు చాగ్రెస్ నదికి అడ్డంగా ఆనకట్ట వేస్తే నీళ్ళు పైకి తన్ని ఒక కొండ బారో కొలరాడో దీవిగా మిగిలింది, స్మిత్‌సోనియన్ సంస్థ అక్కడ దశాబ్దాలుగా ఉష్ణమండల అడవిని చదువుతోంది. ఆ పక్కనే గిగాంటే ద్వీపకల్పంలో 1998 నుంచి ఒక ప్రయోగం నడుస్తోంది, అడవిని ప్లాట్లుగా చేసి కొన్నిటికి నత్రజని, కొన్నిటికి భాస్వరం, కొన్నిటికి పొటాష్ ఏటా వేస్తూ, కొన్నిటిని ఏమీ వేయకుండా అలాగే ఉంచుతారు. మన రైతు చేలో వేసేదే అడవిలో వేసి చూడటం అన్నమాట. మెర్లిన్ షెల్డ్రేక్, ఆయన టీమ్ ఈ ప్లాట్లలోనూ, పనామా భూసంధి పొడుగునా సహజంగానే సారం తక్కువ నేల నుంచి ఎక్కువ నేల దాకా ఉన్న అడవుల్లోనూ వోయిరియా లాంటి ఫంగస్ మీద బతికే మొక్కల్ని లెక్కపెట్టారు, 2017లో ఫలితం వచ్చింది. నేలలో మొక్కకి అందే ఫాస్ఫేట్ కిలో మట్టికి 2 మిల్లీగ్రాముల భాస్వరం దాటిన చోట ఈ మొక్కలు అసలు లేవు. తక్కువ ఉన్నాయి అని కాదు, సున్నా. సహజంగా భాస్వరం ఎక్కువ ఉన్న అడవిలోనూ లేవు, మనుషులు సంచి విప్పి చల్లిన ప్లాట్‌లోనూ లేవు. రెండు వేరు వేరు దారుల్లో వెళ్ళి ఒకే గీత దగ్గర ఆగడం వల్ల ఈ ఫలితానికి బలం వచ్చింది, ఒక్క సర్వే మాత్రమే అయితే ఇంకేదో కారణం అయి ఉండొచ్చు అనే వాదనకి చోటుండేది.

కారణం కూడా అదే పేపర్లో ఉంది. భాస్వరం వేసిన ప్లాట్లలో ఆర్‌బస్క్యులర్ ఫంగస్ మొత్తం తగ్గింది, అందులోనూ ఈ మొక్కలకి కావాల్సిన ఆ ఇరుకైన గుంపు తగ్గింది. చెట్టు వైపు నుంచి ఆలోచిస్తే ఇది సహజమే, వేరుకి భాస్వరం తనంతట తనే అందుతుంటే ఫంగస్‌కి అంత కార్బన్ ఎందుకు పంపాలి, పంపడం తగ్గిస్తుంది, ఫంగస్ చిక్కిపోతుంది, ఆ ఫంగస్ మీద కూర్చున్న వోయిరియా ముందుగా పోతుంది. చెట్టుకి ఏమీ కాదు, పైకి అడవి ఎప్పటిలాగే పచ్చగా ఉంటుంది, కింద లావాదేవీ పలచబడింది అని చెప్పగలిగేది ఆ జానెడు పసుపు పువ్వు లేకపోవడం ఒక్కటే. ఈ మొక్కని దొంగ అని కొట్టిపారేయకుండా దగ్గరగా చదవాల్సిన కారణం ఇదే అనిపిస్తుంది, చెట్టుకీ ఫంగస్‌కీ మధ్య కార్బన్ ఎంత జోరుగా నడుస్తోందో బయటికి కంటికి చూపించే గుర్తులు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి.

2 మిల్లీగ్రాములు అంటే ఎంత అనేది మన లెక్కలో చూద్దాం. హెక్టారు పైపొర మట్టి, అరడుగు లోతు, సుమారు 22 లక్షల కిలోలు ఉంటుంది, అంటే హెక్టారుకి నాలుగున్నర కిలోల భాస్వరం. మన సాయిల్ హెల్త్ కార్డులో లభ్య భాస్వరం హెక్టారుకి 10 కిలోల లోపు ఉంటేనే తక్కువ అని రాస్తారు. పరీక్ష పద్ధతులు వేరు కాబట్టి ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి సమానం చేయకూడదు, కానీ స్థాయి అర్థం కావడానికి చాలు, మన దగ్గర బొత్తిగా సారం లేదు అనే చేనులో ఉండేదానికంటే కూడా తక్కువ దగ్గర ఆ అడవి చెట్లు నూరడుగులు పెరుగుతున్నాయి. పాత ఉష్ణమండల నేలల్లో లక్షల ఏళ్ళ వాన భాస్వరాన్ని కడిగేసింది, మిగిలింది ఇనుము, అల్యూమినియం పట్టుకుని వదలవు, మన ఎర్ర నేలల్లో కూడా కొంత ఇదే సమస్య, నల్లరేగడిలో అయితే ఆ పని సున్నం చేస్తుంది. అమెజాన్ అడవికి ప్రతి ఏడూ సహారా ఎడారి దుమ్ము గాలిలో అట్లాంటిక్ దాటి వచ్చి సుమారు 22 వేల టన్నుల భాస్వరం మోసుకొస్తోందని నాసా ఉపగ్రహ లెక్కలతో 2015లో వేసిన అంచనా, వానకి కొట్టుకుపోయేది దాదాపు అంతే అట. అంత పొదుపుగా నడిచే నేల అది. అలాంటి చోట ఫంగస్ లేకుండా చెట్టు నడవదు, ఫంగస్‌కి కార్బన్ గట్టిగా ముట్టాల్సిందే, ఆ గట్టి ప్రవాహంలోంచే వోయిరియాకి ఇంత మిగులుతోంది.

ఇక్కడి నుంచి మన పొలానికి ఒక మాట నేరుగా వస్తుంది. వ్యామ్ వేస్తూనే అదే గుంటలో డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ లాంటి భాస్వరం ఎరువులు దండిగా దంచేస్తే ఆ వ్యామ్ పెద్దగా పనిచేయదు. ఇది పనామా చెప్పిన కొత్త సంగతి కాదు, వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెప్తున్నదే, భాస్వరం ఎక్కువ అందే వేరులో ఫంగస్ తక్కువగా చేరుతుంది అని. కానీ ఎరువుల షాపు దగ్గర రెండూ కలిపి అమ్ముతుంటారు, రైతు రెండింటికీ డబ్బు పెడతాడు, ఒకటి ఇంకోదాన్ని చంపుకుంటుంది. క్యాబేజీ, ఆవాలు లాంటి పంటలకైతే వ్యామ్ వేయడమే దండగ, ఆ కుటుంబం ఈ ఫంగస్‌తో కాపురం చేయదు. సాయిల్ టెస్ట్ కాగితంలో భాస్వరం ఎక్కువ అని వస్తే వ్యామ్ ప్యాకెట్ మీద ఆశ పెట్టుకోకుండా ముందు డీఏపీ తగ్గించడమే దారి, ఇది గట్టిగా చెప్పాల్సిన మాట, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ళ తరబడి ఏటా డీఏపీ పడిన చేలల్లో భాస్వరం పేరుకుపోయి ఉండటం మామూలు.

మళ్ళీ వోయిరియా దగ్గరికి. పచ్చదనం వదిలేయడం అనేది జెన్షియన్ కుటుంబంలో ఒక్కసారి జరిగిన ప్రమాదం కాదు. వోయిరియా ఒక దారి, వోయిరియెల్లా ఇంకో దారి, ఆఫ్రికాలో ఎక్సోకీనియం ఒలిగాంథమ్ అనే చిన్న మొక్క మూడోది, మన ఈశాన్యంలో సిక్కిం వైపు నుంచి ఆగ్నేయాసియా దాకా అడవి నేలల మీద ఉండే ఎక్సాకం జాతులు కొన్ని నాలుగోది, వీటిని ముందు కొటిలాంథెరా అనేవాళ్ళు. ఒకే కుటుంబంలో ఇన్నిసార్లు విడివిడిగా ఇదే జరిగింది అంటే ఆ కుటుంబంలోనే ముందు నుంచి ఏదో సిద్ధంగా ఉండి ఉండాలి. గింజలు మొదటి నుంచే చాలా చిన్నవి, వేర్లలో ఫంగస్ ముందు నుంచే గట్టిగా ఉంది, ఉత్తర అమెరికాలో బార్టోనియా, ఒబొలేరియా అనే జెన్షియన్లు సగం పచ్చగా ఉండి సగం ఫంగస్ మీద ఆధారపడుతున్నాయని కూడా తేలింది. అంటే పచ్చ మొక్కకీ పూర్తిగా వదిలేసిన మొక్కకీ మధ్య మెట్లు ఇప్పటికీ బతికే ఉన్నాయి. చీకటి అడవి అడుగున వెలుగు రెండు శాతం కూడా పడని చోట ఆకు పెంచడం, కాపాడుకోవడం పెద్ద ఖర్చు, వచ్చేది తక్కువ, ఫంగస్ దగ్గర కార్బన్ దొరుకుతుంటే ఆకు వదిలేసిన మొక్కే నెగ్గుతుంది.

గింజ గురించి చెప్పకపోతే లెక్క పూర్తికాదు. వోయిరియా గింజ ధూళి, కంటికి పొడిలా కనపడుతుంది, లోపల పిండం సరిగ్గా ఏర్పడి కూడా ఉండదు, బీజంలో దాచుకున్న తిండి దాదాపు లేదు. మన పప్పు గింజకి మొలకెత్తడానికి కావాల్సిన తిండి దాని పప్పులోనే ఉంటుంది కాబట్టి తడి తగిలితే చాలు. వోయిరియా గింజకి తడి చాలదు, తనకి సరిపడే ఆ ఒక్క గుంపు ఫంగస్ దారం వచ్చి తగలాలి, ఆ దారం అప్పటికే ఏదో పచ్చ చెట్టు దగ్గర కార్బన్ తింటూ ఉండాలి, మూడూ కుదిరితేనే మొలక. కాబట్టే వేల గింజలు కడుతుంది, ఎక్కువ భాగం వృథా. గాలికి ఎగిరే ఆ తేలికతనం వల్లే కావచ్చు వోయిరియా ప్రిములాయిడిస్ అనే ఒకే ఒక్క జాతి అట్లాంటిక్ అవతల పశ్చిమ ఆఫ్రికాలో ఉంది, మిగతా చుట్టాలంతా ఇవతలే.

శాస్త్ర పత్రికల్లో ఈ మొక్కల్ని మోసగాళ్ళు అని రాయడం మామూలైపోయింది. ఆ మాటలో సగం నిజం ఉంది, కార్బన్ తీసుకుంటోంది, తిరిగి భాస్వరమో చక్కెరో ఇస్తున్న ఆధారం లేదు. కానీ నష్టం ఎంత అని కూడా అడగాలి. జానెడు కాడ, ఒక పువ్వు, అదీ చుట్టూ నూరడుగుల చెట్ల మధ్య. పొగాకు మల్లె చేసే నష్టంతో దీన్ని ఒకే గాటన కట్టడం కుదరదు. ఆ మాటకొస్తే ఈ మొక్క ఉందంటేనే ఆ నేలలో చెట్టూ ఫంగస్సూ గట్టిగా ఇచ్చిపుచ్చుకుంటున్నాయి అని అర్థం, ఆ బంధం చెడిన చోట బతకలేకపోయేది ఇదే ముందు.

ఈ లెక్కల వల్లే వోయిరియాని కాపాడటం మామూలు మొక్కని కాపాడటంలా ఉండదు. కుండీలో పెట్టి పెంచలేరు, బొటానికల్ గార్డెన్‌లో వరసలో నాటలేరు, ధూళి గింజల్ని చల్లటి గదిలో దాచిపెట్టినా ఆ ఫంగస్, ఆ చెట్టు, ఆ పేద నేల మూడూ లేకుండా అవి మొలకెత్తవు. ఫ్లోరిడా దక్షిణ కొసన వోయిరియా పారసిటికా అనే చుట్టం ఉంది, అది కూడా లేత పసుపు వైపు ఉండే మొక్కే, ఆ రాష్ట్రంలో అంతరించే ప్రమాదం ఉన్న మొక్కల లిస్టులో ఉంది. చెట్లు కొట్టకుండా కంచె వేసినంత మాత్రాన సరిపోదు, పక్క పొలాల నుంచి ఎరువు కలిసిన నీళ్ళు ఆ అడుగు నేలలోకి రాకుండా చూడాలి, ఎందుకంటే చెట్లన్నీ నిలబడి ఉండగానే భాస్వరం ఆ గీత దాటితే చాలు, ఈ మొక్కలు అక్కడ ఉండవని పనామా ప్లాట్లు ఇప్పటికే చూపించాయి.